తాలు కాయలు, కూలి కాళ్లు

గుంటూరు మిర్చి యార్డులో పొద్దున్నే ఒక గంట నిలబడి చూడండి, మనది ఎంత శ్రద్ధగల జాతో తెలుస్తుంది. కొనేవాడు టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, గుప్పెడు కాయ తీస్తాడు. రంగు చూస్తాడు, తొడిమ చూస్తాడు, చెవి దగ్గర గలగలలాడించి గింజ ఏం చెబుతుందో వింటాడు. ఒక కాయను పుటుక్కున విరిచి ఆ చప్పుడును బట్టి తేమ ఎంతో చెప్పేస్తాడు. ఇది తేజ, అది 334, పక్కది 341. ఇది కల్లం నుంచి నేరుగా వచ్చింది, అది ఏసీ గోదాములో నెలల తరబడి నిద్రపోయి వచ్చింది. ఇది డీలక్స్, ఇది బెస్ట్, ఇది మీడియం. రంగు పోయి తెల్లబారినదాన్ని తాలు అని పక్కన పెడతారు. పక్కన పెట్టారంటే పారేశారని కాదు. తాలుకూ ధర ఉంది. తేజ తాలుకు ఇంకో ధర ఉంది.

పత్తి మర్యాద ఇంకా గొప్పది. పింజను రెండు బొటనవేళ్ల మధ్య పట్టుకుని లాగి పొడవు చూస్తారు. ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ వాళ్ల తేమ మీటరు ఎనిమిది చూపిస్తే పూర్తి ధర, అక్కడి నుంచి పైకి పోయేకొద్దీ కోత, పన్నెండు దాటితే బండి వెనక్కి. 2025-26లో పొడుగు పింజ పత్తికి క్వింటా మద్దతు ధర 8,110 రూపాయలు. ఒక్క శాతం తేమ దగ్గర రైతూ బయ్యరూ గంటసేపు వాదించుకుంటారు. తప్పేం లేదు, వాదించుకోవాల్సిందే.

ఈ కాయ కోసిన మనిషి కాలు, ఈ పత్తి తీసిన మనిషి చెయ్యి విరిగితే మాత్రం మనకు తెలిసిన గ్రేడు ఒకటే: ‘ఏదో ఒకటి పెట్టి కట్టండ్రా!’

కళ్లారా చూసిందే చెబుతాను. ఒక ఫిబ్రవరి సాయంత్రం, మార్టూరు దాటాక లోపలి రోడ్డు. కోత ముగించుకుని వస్తున్న ట్రాక్టరు ట్రక్కు డొంక మలుపులో పంటకాలవలోకి ఒరిగింది. ఆదోని వైపు నుంచి సుగ్గికి, అంటే కోతల వలసకు, వచ్చిన కూలీల ముఠా. ఎవరూ చనిపోలేదు కాబట్టి అది వార్త కాలేదు. నలభై ఏళ్ల మనిషి ఒకామె గట్టు మీద వెల్లకిలా పడి ఉంది. మోకాలికీ చీలమండకూ మధ్య, దేవుడు పెట్టని చోట, కొత్త కీలు ఒకటి పుట్టింది.

ఐదు నిమిషాల్లో నలభై మంది పోగయ్యారు. నలభై మందిలో ముప్పై ఫోన్లు, ముప్పై తొమ్మిది మంది ఎముకల డాక్టర్లు.

‘‘ముందు లేపి నిలబెట్టండ్రా, ఇరిగిందో బెణికిందో తెలిసిపోద్ది’’ అన్నాడొక పెద్దమనిషి. ఎముక విరిగిందో లేదో తెలుసుకోవడానికి మనిషిని నిలబెట్టి చూడటమంటే, పాలు విరిగాయో లేదో తెలుసుకోవడానికి ఇంటిల్లిపాదికీ కాఫీ కలిపి ఇచ్చినట్టు. ఇంకొకడు నీళ్లు పట్టమన్నాడు. ఆపరేషన్ పడే అవకాశం ఉన్న మనిషి కడుపు ఖాళీగా ఉండాలని వాడికి ఎవరు చెప్పారు గనక? మూడోవాడు మరీ ధీమాగా, ‘‘గట్టిగా లాగితే సెట్టయిపోద్ది బాబాయ్, మా బామ్మర్దిది అట్టాగే సెట్టయింది’’ అన్నాడు. ఆ బామ్మర్ది ఇప్పుడెలా నడుస్తున్నాడని నేను అడిగాను. ‘‘నడుస్తన్నాడు, కాకపోతే కొంచెం...’’ అని చేతిని గాల్లో ఒక వైపుకు వాల్చి చూపించాడు.

ఈలోగా కొట్టతను పురికొస తెచ్చాడు. టిక్కీల మూతులు కుట్టే పురికొస. పక్క చేలోంచి ఎవరో పత్తి కట్టె విరుచుకొచ్చారు. చేత్తో వంచితే పుటుక్కుమనే కట్టె. విరిగిన ఎముకకు విరిగే కట్టెను తోడు పెట్టి, మధ్యలో గుడ్డ ముక్కయినా లేకుండా, సరిగ్గా విరిగిన చోటే, మూట బిగించినట్టు మూడు చుట్లు బిగించారు. ఆమె అరిచింది. ‘‘అరుస్తందంటే కట్టు బాగా పడినట్టే’’ అన్నాడు లాగమన్నవాడే.

నాకు వైద్యం రాదు. కానీ కాలి వేళ్లు నల్లబడటం చూడ్డానికి ఎంబీబీఎస్ అక్కర్లేదు. కాలు పొంగిపోయి మెట్టెలు కండలోకి దిగిపోతున్నాయి. వేళ్లు తాకి ‘‘తెలుస్తుందా అమ్మా?’’ అంటే, తల అడ్డంగా ఊపింది. ఆ నలభై మందిలో డాక్టరు కానిది ఒక్క ముఠా పెద్దావిడే. ఆమె ఎవర్నీ ఏమీ అడగలేదు. వంగి, పురికొస ముడిని పళ్లతో పట్టి ఊడదీసింది. సబ్బు లేదు, దీపానికి పోసే నూనె ఏదో దొరికితే రాసి మెట్టెలు తీసి తన కొంగున ముడేసుకుంది. కాసేపటికి వేళ్లకు రంగొచ్చింది.

ఆ తర్వాత ఒక ప్రైవేటు ఆస్పత్రి వాళ్ల బండి వచ్చింది. బండి లోపల నీలం రంగు స్ప్లింట్లు, స్పాంజి మెత్తలతో, కొక్కేలకు వరసగా వేలాడుతున్నాయి. చేయి, మోచేయి, కాలు, తొడ, దేనికి తగ్గది దానికి. ఒక్కటి కూడా కవరు చించలేదు. అది తీసి కట్టు నాయనా అంటే ఆ కుర్రాడు, ‘‘ఓపెన్ చేస్తే బిల్లులో ఎక్కుద్ది సార్. ఎవరు కడతారు?’’ అన్నాడు. కట్టాల్సింది బిల్లా, కాలా అన్నది నాకు ఒక క్షణం అర్థం కాలేదు. నలుగురు నాలుగు వైపులా పట్టుకుని ఆమెను లోపలికి ఎత్తారు. యార్డులో హమాలీ టిక్కీని ఎత్తే తీరు మీకు తెలుసు కదా, కింద చెయ్యి వేసి, భుజానికి సరిచూసుకుని, కాయ నలగకుండా. అలా మాత్రం ఎత్తలేదు.

పైగా మురిసిపోతూ మనం వాట్సాప్‌లో ఒకటి పంపించుకుంటూ ఉంటాం: శస్త్రచికిత్స ప్రపంచానికి నేర్పింది మనమేనని. నిజమే. సుశ్రుతుడు విరిగిన ఎముకకు బద్దలు పెట్టమన్నాడు. రావి, మేడి, మోదుగ, తెల్లమద్ది, వెదురు అంటూ ఏ చెట్ల బెరడు, ఏ బద్ద పనికొస్తుందో కూడా చెప్పాడు. కట్టు వదులైతే కీలు నిలవదని, మరీ బిగిస్తే తోలు వాచి, నొప్పి పుట్టి, చీము పడుతుందని, రెండింటికీ మధ్యస్తంగా కట్టాలనీ చెప్పాడు. ఫార్వర్డ్ చేసేవాళ్లు మొదటి సగమే పంపిస్తారు. రెండో సగంలో మన పురికొస సంగతి ఉంది మరి.

పుత్తూరు కట్టును ఎగతాళి చేస్తానని కాచుకున్నవాళ్లకు నిరాశ తప్పదు. చిత్తూరు సీమలో పుత్తూరు పక్కన రాచపాళెంలో 1881లో కేశవరాజు అనే ఆయనతో మొదలైందని చెప్పుకునే విద్య అది. వేటాడి తెచ్చిన కుందేలును ఆకుల్లో చుట్టి పెడితే, ఇంటికొచ్చి విప్పగానే విరిగిన కాళ్లతోనే అది లేచి పరుగెత్తిందని కథ. కుందేలు సంగతికి నేను పూచీ పడను. కానీ వెదురు బద్ద, గుడ్లసొన, పసరు, గుడ్డ, ఇవి తెలిసిన చేతిలో స్ప్లింట్ కాకపోతే ఇంకేమిటి? నా తగాదా ఆ చేతితో కాదు. అద్దంకి నుంచి సత్తెనపల్లి దాకా ప్రతి సెంటర్లో, టీ కొట్టు పక్కన, పంచరు షాపు మీద ‘ఇచ్చట పుత్తూరు కట్టు కట్టబడును’ అని బోర్డు పెట్టి, పుత్తూరుకు పోయే బస్సు ఎక్కడ ఆగుతుందో కూడా తెలియనివాడు బిగించే కట్టుతో.

విచిత్రం చూడండి. సరిగ్గా అదే 1881లో జర్మనీలో వోల్క్‌మాన్ అనే సర్జన్ ఒక వ్యాసం రాశాడు. విరిగిన చేతికి బిగుతుగా కట్టు కడితే లోపలి కండరాలకు రక్తం అందక, కొన్ని గంటల్లోనే చచ్చిపడి, చెయ్యి గద్దగోరులా ముడుచుకుపోతుందని. ఒకే ఏడాది ఒక మూల కట్టే విద్య పుట్టింది, ఇంకో మూల అతిగా కడితే ఏమవుతుందో తెలిసింది. మన సెంటర్లకు మొదటిది బస్సెక్కి వచ్చింది. రెండోది నూట నలభై ఏళ్లు దాటినా ఇంకా దారిలోనే ఉంది. అది రాకపోవడం వల్ల చేతులు, కాళ్లు కోల్పోయిన పిల్లలు మన సర్కారు ఆస్పత్రుల ఎముకల వార్డులకు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు.

ఇంగ్లిషు వైద్యమే గొప్పదని మీసం మెలేసేవాళ్లకూ ఒక మాట. తొడ ఎముక విరిగితే వాడే థామస్ స్ప్లింట్ అని ఒకటుంది, తొడ మొదట్లో ఒక వలయం, అక్కడి నుంచి పాదం దాకా రెండు ఇనుప కడ్డీలు. దాన్ని చేసిన హ్యూ ఓవెన్ థామస్ ఎవరనుకున్నారు? వేల్స్‌లో తరతరాలుగా నాటుకట్టు కట్టిన వంశం వాడు. వాళ్ల నాన్న లివర్‌పూల్లో డిగ్రీ లేకుండా ఎముకలు కట్టి, డాక్టర్లతో కోర్టుల చుట్టూ తిరిగి, విసుగెత్తి కొడుకులను వైద్యం చదివించాడు. అంటే, పుత్తూరు లాంటి ఇంటి పిల్లాడు గుంటూరు మెడికల్ కాలేజీలో చేరినట్టు. ఆ కుర్రాడు డాక్టరయ్యాక కూడా ఇంటి విద్యను దాచుకోలేదు, కొలతల్లో పెట్టాడు. బతికుండగా అతణ్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో తొడ ఎముక విరిగిన సైనికుల్లో నూటికి 80 మంది చనిపోతుంటే, అతని మేనల్లుడు రాబర్ట్ జోన్స్ పట్టుబట్టి ఆ స్ప్లింట్‌ను కందకాల దగ్గరికే పంపించాక అది 20కి దిగిందని వైద్య చరిత్రలో చెప్పే లెక్క. తొడ లోపల బయటికి చుక్క కనపడకుండా లీటరు, ఆ పైన రక్తం పోగవుతుంది మరి.

ఆ స్ప్లింట్‌ను కట్టింది పెద్ద సర్జన్లు కాదు. స్ట్రెచర్లు మోసే మామూలు జవాన్లు. చీకట్లోనైనా కట్టగలిగేలా, కళ్లకు గంతలు కట్టి మరీ, కవాతులాగా నేర్పించారు వాళ్లకు. మనమూ గంతలు కట్టుకునే కడుతున్నాం, నేర్పించడం ఒక్కటే తక్కువ.

ఇక మన ఎంపిక సంగతి. గాలి ఊదే స్ప్లింట్లని ఒక రకం ఉంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. ఎండ ముదిరేకొద్దీ లోపలి గాలి ఉబ్బి, ఉదయం సరిపోయిన కట్టు మధ్యాహ్నానికి ఉరితాడవుతుంది. రెంటచింతల ఎండలో దాన్ని నమ్ముకోవడమంటే, వేసవిలో ట్యూబు నిండా గాలి కొట్టి సైకిల్ని ఎండలో నిలబెట్టడమే. నిచ్చెన ఆకారంలో వంగే తీగ స్ప్లింటు ఇంకోటి. మెత్త వేస్తే మంచిదే, మెత్త లేకుండా కడితే కాలి మీద నిచ్చెన అచ్చు పడుతుంది. ఇప్పుడు ప్రపంచమంతా మోజుపడేది పల్చటి అల్యూమినియం రేకుకు రెండు వైపులా స్పాంజి అంటించిన పట్టీ. అమెరికాలో శామ్ షైన్‌బర్గ్ అనే డాక్టరు చూయింగ్ గమ్ చుట్టే కాగితంతో ఆడుకుంటూ కనిపెట్టాడట. చదునుగా ఉన్నప్పుడు వేలితో వంచితే వంగుతుంది. నిలువునా దోనెలా మడిచామా, కర్రలా బిగుసుకుంటుంది.

ఆ సూత్రం చదివి నాకు నవ్వాగలేదు. తాటి మట్ట చూడండి. కింది నుంచి పై దాకా దోనె. దాని గట్టిదనమంతా ఆ వంపులోనే ఉంది. బాపట్ల నుంచి ఒంగోలు దాకా కాలవ గట్లన్నీ తాటిచెట్లే. అంచు పళ్లు చెక్కేసి, లోపల పంచె మడిచి పెడితే ముంజేయి అందులో పడుకుంటుంది. మన గట్టు మీద కాసేదాన్ని ఆయన చూయింగ్ గమ్ తిని కనిపెట్టాల్సి వచ్చింది. దాన్ని మనం డబ్బు పోసి కొని, కవరు చించకుండా కొక్కేనికి తగిలించాం.

తాటిచెట్టు దొరకని చోట ఫ్లెక్సీ దొరుకుతుంది. ఈ నేలలో తాటిచెట్టు లేని ఊరు ఉండొచ్చు గానీ, జన్మదిన శుభాకాంక్షల ఫ్లెక్సీ లేని ఊరు లేదు. దాని చట్రానికి వాడే కర్రబద్దలు చూశారా? మూడు వేళ్ల వెడల్పు, నునుపు, నిటారు, కొలిచి కోయించినట్టు ఉంటాయి. మోకాలి పైనుంచి పాదం దాకా ఒకటి లోపలి వైపు, ఒకటి బయటి వైపు పెడితే పిక్క ఎముకకు అంతకన్నా మంచి బద్ద ఏ టెండరులోనూ దొరకదు. పైన నాయకుడి బొమ్మ ఉన్న గుడ్డను మడిచి మెత్తగా వాడుకోవచ్చు. ఆయన జీవితంలో మొదటిసారి జనానికి ఊరటనిచ్చినవాడవుతాడు. కట్టడానికి తాళ్లెందుకు, కండువాలు లేవూ? ఏ పార్టీదైనా ఫర్వాలేదు. వెడల్పుగా ఉంటుంది, కోసుకుపోదు, ముడి బాగా పడుతుంది, మూలగా మడిచి మెడలో వేస్తే విరిగిన చేతికి ఉయ్యాల. ఎన్నికల ముందు పచ్చది, ఎన్నికల తర్వాత నీలమో, మళ్లీ పచ్చదో మార్చుకునేవాళ్ల దగ్గర రెండు మూడు రకాలు నిలవుంటాయి కూడా. ఒక కాలికి కనీసం నాలుగు కావాలి: విరిగిన చోటు వదిలి పైన రెండు, కింద రెండు. అఖిలపక్షం అన్న మాటకు ఇంతకన్నా పనికొచ్చే సమావేశం నేను చూడలేదు.

108 సంగతి చెప్పకపోతే కృతఘ్నత. 2005 ఆగస్టు 15న మొదలైంది. మన రాష్ట్రం గర్వంగా చెప్పుకోదగ్గ కొద్ది పనుల్లో అదొకటి. 2020 జులై 1న విజయవాడ బెంజి సర్కిల్లో 108, 104 కలిపి వెయ్యికి పైగా బండ్లు వరస కట్టి కదిలితే నా ఛాతీ కూడా ఉప్పొంగింది. ఆ బండ్ల మీద ఏ రంగు ఉండాలి, ఎవరి ఫొటో ఉండాలి, ఏ పేరు రాయాలి అన్నదాని మీద చట్టసభల్లోనూ టీవీల్లోనూ జరిగిన చర్చ చాలా విన్నాను. లోపల తొడ ఎముకకు ఏది ఉండాలి, మోకాలు కూడా చితికితే థామస్ స్ప్లింట్‌లా కాలును లాగి పట్టే రకం వాడకూడదు కాబట్టి దాని బదులు ఏముండాలి అన్న ప్రశ్న ఏ పక్షం అడిగినట్టూ నేను వినలేదు. రంగు బండికి వేస్తే అందరికీ కనిపిస్తుంది. కట్టు కాలికి వేస్తే ఒక్క కాలికే తెలుస్తుంది.

చట్టం కూడా అంతే. ప్రమాదం జరిగిన తొలి గంటను గోల్డెన్ అవర్ అని 2019 సవరణలో రాసుకున్నాం. ఆ గంటలో క్షతగాత్రుణ్ని ఆస్పత్రికి చేర్చినవాళ్లకు కేంద్రం ఇచ్చే బహుమతి 2025లో ఐదు వేల నుంచి పాతిక వేలకు పెరిగింది. సంతోషం. త్వరగా తెచ్చినందుకే ఆ పాతిక వేలు. కాలు ఊగిపోకుండా తెచ్చారా, టిక్కీలా విసిరి తెచ్చారా అన్న గడి ఆ ఫారంలో పెట్టాలని ఎవరికీ తోచలేదు.

పత్రికల్లో మనవాళ్ల కోసం ఒక మాట తయారుగా ఉంటుంది, ‘పలువురికి గాయాలు’. 2023 మే 17న దాచేపల్లి మండలం పొందుగుల దగ్గర కూలికొస్తున్న ఆడవాళ్ల ఆటోను లారీ గుద్దింది. ఆటోలో ఇరవై మందికి పైగా ఉన్నారు. 2025 ఫిబ్రవరి 9న ముప్పాళ్ల మండలం బొల్లవరం దగ్గర మిరప కోత కూలీల ట్రాక్టరు బోల్తా పడి నలుగురు ఆడవాళ్లు చనిపోయారు. పోయినవాళ్లకు సంతాపాలు వచ్చాయి, పరిహారాలు ప్రకటించారు. రెండు చోట్లా చివరి వాక్యంలో ‘పలువురికి గాయాలు’. ఆ పలువురు ఎవరు, ఎన్ని ఎముకలు, ఎవరు కట్టారు, దేనితో కట్టారు, ఆ ఏడాది మళ్లీ కోతకు వెళ్లగలిగారా అన్నది మన లెక్కల్లోకి రాదు. చావుకు ఒక గ్రేడు పెట్టాం. గాయమంటే తాలు. కాదు, పొరపాటు, తాలుకు ధర ఉందని మొదట్లోనే ఒప్పుకున్నాను.

సంక్రాంతి దాటితే కోతలు జోరందుకుంటాయి. ముఠాలను ట్రక్కుల్లో ఎక్కించుకునే రైతులకు, మేస్త్రీలకు, ట్రాక్టరు డ్రైవర్లకు ఒక మనవి. టూల్ బాక్సులో స్పానర్ల పక్కన రెండు జతల వెదురు బద్దలు, ఒక పాత దుప్పటి, ఆరు కండువాలు, ఒక కత్తెర పెట్టుకోండి. ఖర్చు పురుగుమందు డబ్బా మూతంత కూడా కాదు. రక్తం కారుతుంటే ముందు శుభ్రమైన గుడ్డతో అదిమి ఆపండి. ఎముక బయటికి కనిపిస్తే లోపలికి తొయ్యకండి, వంకర పోయినదాన్ని లాగకండి. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపు, ఉన్నది ఉన్నట్టుగా, పై కీలూ కింది కీలూ కదలకుండా మెత్త వేసి కట్టండి. గాజులు, ఉంగరాలు, మెట్టెలు వాపు ఎక్కకముందే తీసి వాళ్ల కొంగునే ముడెయ్యండి. కట్టాక వేళ్లు బయటే ఉంచి పది నిమిషాలకొకసారి చూడండి: చల్లబడ్డాయా, తెల్లబారాయా, నల్లబడ్డాయా, తాకితే తెలుస్తోందా. తేడా కనిపిస్తే వెంటనే వదులు చెయ్యండి. రంగు చూసి సరుకు చెప్పడం మీకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు.